రెండేళ్ళ టీకా, పదకొండేళ్ళ టీకా

సూదమ్మ ఇంటి తలుపు మీద ఆ నెలంతా ఒక కాగితం అతికించి ఉంది. "కోరింత దగ్గు టీకా వేయించుకోనివారు బిడ్డను ముట్టుకోరాదు" అని ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టింది. పక్కింటావిడ చంటివాడికి ఊలు టోపీ అల్లి తెచ్చింది. సూదమ్మ టోపీని లోపలికి రానిచ్చి, ఆవిణ్ణి మాత్రం గుమ్మంలోనే ఆపి టీకా కార్డు అడిగింది. "పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చానా, పరీక్ష రాయడానికి వచ్చానా?" అని సణుక్కుంటూ ఆవిడ వచ్చిన దారినే పోయింది.

అడిగే అర్హత సూదమ్మకుంది, కాదనలేం. పేటలోని చిన్న క్లినిక్‌లో ఇరవై ఆరేళ్ళుగా టీకాలు వేసే నర్సు ఆమె. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. చెయ్యి తేలికని తల్లులు ఆమెను వెతుక్కుంటూ వస్తారు. బిడ్డలు మాత్రం ఆమెను చూడగానే గుక్కపెట్టి ఏడుస్తారు. మొదటిసారి వచ్చిన చంటిదానికి కూడా ఎవరో ముందే చెప్పి పంపినట్టు, ఆ తెల్లకోటు కనబడగానే పెదవి వంకరపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్క బిడ్డయినా ఆమె చేతుల్లో నవ్విన పాపాన పోలేదు. "మా ఇంట్లో ఒకడు పుట్టనివ్వండి, నన్ను వదిలితే అప్పుడు అడగండి" అని తోటివాళ్ళతో అంటూ ఉండేది. నవ్వుతూనే అనేది గాని, లోపల ఆ ఆశే పెట్టుకుని కూర్చుంది.

ఆ పుట్టినవాడు నెల ముందే పుట్టాడు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి ఈ టీకా వేస్తే, ఆ బలం బిడ్డకు చేరి, వాడి సొంత టీకా పడేదాకా కాస్తుంది. సూదమ్మ కోడలికి సోమవారం వేసింది. గురువారానికి పిల్లాడు బయటికొచ్చేశాడు. ఆ బలం తయారవడానికే రెండు వారాలు పడుతుంది కాబట్టి వాడికి తల్లి దగ్గర్నుంచి వచ్చింది దాదాపు సున్నా. ఆరు వారాలు నిండి మొదటి టీకా వేసేదాకా, చుట్టూ ఉన్నవాళ్ళు జబ్బు తేకుండా ఉండటమే వాడికున్న రక్ష. అందుకే ఆ కాగితం. కొడుకు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు, పదిమందితో మాట్లాడేవాడు, వాడికి ముందే వేసేసింది. ఇంతవరకూ ఆమెది న్యాయమే. ఆ న్యాయంలోకి కడుపుమంట ఎప్పుడు దూరిందన్నదే ఈ కథ.

బిడ్డకు రెండు వారాలు నిండాక ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. సూదమ్మ సెలవు పెట్టింది, కోటు విప్పి మేకుకు తగిలించింది, చేతులు రెండుసార్లు కడుక్కుని వాణ్ణి ఎత్తుకుంది. వాడు ఏడ్చాడు. భుజానికెత్తుకుంటే ఏడ్చాడు, ఒళ్ళో వేసుకుంటే ఏడ్చాడు, గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిస్తే నడిచినంతసేపూ ఏడ్చాడు. నలభై నిమిషాలు. కోటు లేకపోయినా వీడెలా పసిగట్టాడా అని ఆమెకు నిజంగానే అనుమానం వచ్చింది.

అప్పుడు వియ్యపురాలు వచ్చింది.

ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా. పిల్లలందరూ బస్సమ్మ అంటారు, పెద్దవాళ్ళూ అలాగే అంటారు. లావుపాటి మనిషి, మెడలో ఈల, పిల్లల మీద అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. పొద్దుటి ట్రిప్పుకూ సాయంత్రం ట్రిప్పుకూ మధ్య ఖాళీ దొరికితే వచ్చింది. చేతులు కడుక్కుని, "ఇలా ఇవ్వండి వదినగారూ" అని బిడ్డను అందుకుని, గుండెల మీద బోర్లా వేసుకుని, "బండి కదుల్తోంది, గట్టిగా పట్టుకో నాన్నా" అంది. అని, గొంతులోంచి బస్సు ఇంజను మోత మొదలుపెట్టింది. డుర్ర్‌మని సన్నగా మొదలై, ఒక గేరు మారింది, ఇంకో గేరు మారింది. మూడో గేరుకల్లా వాడు నిద్రపోయాడు.

"మా అమ్మ చేతుల్లో ఏదో ఉంది అత్తయ్యా" అని కోడలు మంచం మీంచి నవ్వింది. పిల్ల ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కానీ ఆ ఒక్క మాట సూదమ్మ కడుపులో నిప్పు పోసింది. ఇరవై ఆరేళ్ళు పిల్లల్ని ముట్టుకుని బతికిన చేతులు తనవైతే, ఏదో ఉన్న చేతులు మాత్రం బస్సు తలుపు మూసేవా?

మర్నాడు బస్సమ్మ మళ్ళీ వచ్చింది. కాగితం ఆ పొద్దునే వెలిసింది. ఆవిడ ఓపిగ్గా చదివి నవ్వింది.

"మంచి పని చేశారు వదినగారూ. నాకు ఆ బెంగ లేదు. రెండేళ్ళ కిందట మా బడిలో అందరికీ వేశారు కదా. మీరే వేశారు."

నిజమే. బడిలో ఇద్దరు పిల్లలకు కోరింత దగ్గు వస్తే సిబ్బందికంతా బూస్టర్ వేయించారు. ఆ రోజు బస్సమ్మ భుజం చూసి, "ఇంత భుజానికి ఈ సూది ఆనుతుందా?" అని వేళాకోళమాడింది కూడా సూదమ్మే. పుస్తకంలో రాసిందీ ఆమే. అదంతా కళ్ళముందు కదులుతుండగానే ఆమె నోరు వేరే మాట పలికింది.

"రెండేళ్ళా? ఇంకేం ఉంటుంది, ఎప్పుడో పోయుంటుంది. ఈ టీకా మిగతావాటిలా కాదు వదినగారూ. ఏడాదికేడాదీ జారిపోతూ ఉంటుంది."

"అయ్యో, అలాగా? అయితే ఇప్పుడే ఇంకోటి వేసేయండి. రేపు క్లినిక్‌కి వస్తాను."

"స్టాక్ లేదు. వచ్చేవారం వస్తుంది. వేశాక కూడా రెండు వారాలు ఆగాలి."

క్లినిక్ ఫ్రిజ్‌లో, రెండో అరలో, ఆరు సీసాలున్నాయి. పొద్దున్నే ఉష్ణోగ్రత చూసి రాసుకున్నది ఆమే. అబద్ధం ఇంత నున్నగా వస్తుందని సూదమ్మ తన గురించి తాను ఎన్నడూ అనుకోలేదు. దాంట్లో ఉన్న సుఖం ఏమిటంటే, సగం నిజం. టీకా బలం తగ్గడం నిజం. ఆ నిజాన్ని ఎవరి మీద ఎంత పొడుగున సాగదీయాలో మాత్రం ఆ క్షణాన ఆమె కడుపుమంటే నిర్ణయించింది.

బస్సమ్మ వాదించలేదు. నర్సు మాట, అందులోనూ కూతురి అత్తగారి మాట. "సరే వదినగారూ, వాడి మంచికే కదా" అని, ఈల సర్దుకుని, కిటికీ అవతలికి వెళ్ళి నిలబడింది.

అదింకో తలనొప్పి అయింది. రోజూ మధ్యాహ్నం ఆవిడ వచ్చి కిటికీ అద్దానికి అవతల నిలబడేది. ఇవతల కోడలు బిడ్డను ఎత్తి చూపించేది. అవతల్నుంచి ఆవిడ ఇంజను మోత పెట్టేది. అద్దంలోంచి ఆ మోత సన్నగా వచ్చినా వాడు ఏడుపు ఆపి చెవులు రిక్కించేవాడు. సూదమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు "పిల్లాడికి ఎండ తగుల్తోంది" అని కర్టెన్ లాగేసింది. ఆ కిటికీలోకి ఆ వేళ ఎండ రాదని ఇంట్లో అందరికీ తెలుసు. బస్సమ్మ కాసేపు కర్టెన్‌ను చూసి వెళ్ళిపోయింది.

వచ్చేవారం వచ్చింది, పోయింది. స్టాక్ రాలేదని సూదమ్మ చెప్పింది. ఆ మీదటి వారం కూడా అదే చెప్పింది. పొద్దున క్లినిక్, మధ్యాహ్నం నుంచి మనవడు. వాడు పూర్తిగా తన చేతుల్లోనే ఉన్నాడు. ఏడుస్తూనే ఉన్నాడనుకోండి, అయినా తన చేతుల్లోనే ఉన్నాడు. ఒకరోజు కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు, వంటింటి తలుపు వేసుకుని, సూదమ్మ గొంతు సవరించుకుని డుర్ర్ అనబోయింది. ఆ వచ్చిన చప్పుడుకు బిడ్డ కళ్ళు పెద్దవి చేసి చూసి, గయ్యిమన్నాడు. ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఎవరూ చూడలేదు కదా అని తలుపు తెరిచింది.

ఆ దగ్గు అప్పటికి కొత్త కాదు. ముందు జలుబులా మొదలైంది, తర్వాత పొడిదగ్గయింది. క్లినిక్ స్టోరు గదిలో దుమ్ము అని సరిపెట్టుకుంది.

"అత్తయ్యా, మీ దగ్గు తగ్గడం లేదు. ఒకసారి డాక్టరమ్మకి చూపించకపోయారా?" అంది కోడలు, భయపడుతూనే.

"నా దగ్గుకేం? దుమ్ము. నాకు లేని టీకా ఉందా? వేసేదాన్నే నేను."

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదని ఊరికే అనలేదు. తలుపు మీద కాగితం అతికించిన మనిషి, ఆ కాగితం అడిగే ప్రశ్న తనను తాను ఒక్కసారి వేసుకోలేదు. పేటంతా ఆమె ముందు చెయ్యి చాచి కూర్చుంటుంది, ఆమె ఎవరి ముందు కూర్చోవాలి? సిబ్బంది టీకాల ఫైలు కూడా ఆమె చేతిలోనే ఉంది. ఏటా అందరి తేదీలూ చూసి పిలిచి మరీ పొడుస్తుంది. తన పేరు దగ్గరికి వచ్చేసరికి, "నాదేముందిలే, తర్వాత" అని పేజీ తిప్పేస్తుంది.

బిడ్డకు ఐదు వారాలు నిండిన రోజున క్లినిక్‌లో డాక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది. వయసులో చిన్నదే అయినా నిదానంగా, తూచినట్టు మాట్లాడే మనిషి.

"సిస్టర్, ఆ తొమ్మిదేళ్ళ పాప గుర్తుందా? దగ్గుతో నెల కిందట ఒకసారి, మొన్న ఒకసారి వచ్చింది. ముక్కులోంచి తీసిన నమూనా రిపోర్టు వచ్చింది. కోరింత దగ్గే."

"ఆ పిల్లకి అన్ని టీకాలూ నేనే వేశాను. ఒక్కటి కూడా తప్పలేదు."

"తప్పలేదు. ఆఖరిది ఐదో ఏట. అంటే నాలుగేళ్ళయింది. ఇది మొదటి ఏడాది బాగా ఆపుతుంది. తర్వాత ఏటా తగ్గుతూ వస్తుంది. నాలుగేళ్ళు దాటితే సగంమందిలో కూడా జబ్బు అంటకుండా ఆపలేదు. ప్రాణం మీదికి రాకుండా మాత్రం ఇంకా కాస్తుంది, అందుకే ఆ పిల్ల దగ్గుతూనే బడికెళ్తోంది. కానీ పక్కవాళ్ళకి అంటిస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు దగ్గర ఎవరెవరున్నారో రాయండి. మన వాళ్ళ ఫైలు తీయండి."

మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల తల పట్టుకుని, నోరు తెరిపించి, గొంతులో లైటు వేసి చూపించింది సూదమ్మే. ఫైలు తీసింది. తోటి నర్సుది నిరుడు. ఊడ్చే ఆవిడది ఈ ఏడు. వేలు కిందికి జారి తన పేరు దగ్గర ఆగింది. తన చేతిరాతే, కాస్త వెలిసిపోయింది. పదకొండేళ్ళు.

రెండేళ్ళకే ఎప్పుడో పోయుంటుందని తన నోటితో అన్న మాట చెవుల్లో గింగురుమంది. నాలుగేళ్ళకు సగం లేనిది పదకొండేళ్ళకు ఎంతుంటుందో లెక్కకట్టబోయేసరికి దగ్గు తెర అందుకుంది. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. చివర్న గాలి కోసం కూతలాంటి శబ్దంతో ఎగబీల్చింది. ఆ కూత ఆమె వందసార్లు విన్నది, పరాయివాళ్ళ గొంతుల్లో.

డాక్టరమ్మ మాస్కు పైకి లాక్కుంది. "ఎన్నాళ్ళనుంచి?"

"రెండు వారాలు దాటింది."

"ఇంట్లో మీ మనవడు... ఎన్ని వారాలు?"

"ఐదు."

"ఎవరు ఎత్తుకుంటున్నారు?"

సూదమ్మ ఫైలు మూసింది. "నేనే."

ఇంటికి ఫోను చేసింది. కోడలు ఎత్తుతూనే ఏడుపు. "నేనే చేద్దామనుకుంటున్నా అత్తయ్యా. పొద్దుట్నుంచి పాలు సరిగ్గా తాగడం లేదు. ఇందాక ఏడవకుండానే బిగుసుకున్నాడు, పెదాలు నల్లబడ్డాయి. మళ్ళీ మామూలైపోయాడు. ఏమై ఉంటుంది?"

ఏమై ఉంటుందో ఆమెకు తెలుసు. మరీ చంటిపిల్లలకు ఈ జబ్బులో దగ్గు కూడా రాదు, ఊపిరి ఆగుతుంది. కొడుకు దుకాణం ఊరికి ఆ చివర. ఆటో ఎక్కి తాను పరుగెత్తుదామా అంటే, ఆ బిడ్డ దగ్గరికి వెళ్ళకూడని మనిషి లోకంలో తనే.

"మీ అమ్మని పిలువు. ఇద్దరూ కలిసి వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే. కోరింత దగ్గు తగిలిన ఇంటి నుంచి వస్తున్నామని చెప్పండి."

"అమ్మకి టీకా..."

"పిలవమన్నానా!"

డాక్టరమ్మ ఆసుపత్రికి తాను కూడా చెప్పింది. ఇంట్లో అందరికీ మందు రాసింది. సూదమ్మ ముక్కులోకి పుల్ల పెట్టి నమూనా తీసింది, మొదటి మాత్ర అక్కడే మింగించింది. ఐదు రోజులు మందు పడేదాకా గడప దాటవద్దంది. సూదమ్మ గోడవారగా ఉన్న బల్ల మీద కూర్చుంది. తల్లులు ఏడుస్తున్న బిడ్డల్ని పట్టుకుని కూర్చునే బల్ల అది.

గంట తర్వాత ఫోను మోగింది. పిల్లల వార్డు నర్సు. ఒకప్పుడు ఈ క్లినిక్‌లోనే, సూదమ్మ దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. సూదమ్మ మాటంటే దానికి వేదం.

"అక్కా, బాబుని చేర్చుకున్నాం. ముక్కులోంచి ఆక్సిజన్ పెట్టాం, మందు మొదలెట్టాం. కానీ ఏడుస్తున్నాడు. ఏడ్చిన ప్రతిసారీ ఊపిరి ఆగుతోంది, ఇప్పటికి రెండుసార్లు. తల్లి వల్ల కావడం లేదు, తనే వణికిపోతోంది. అమ్మమ్మ బయటే నిలబడి ఉంది. టీకా ఎప్పుడు వేయించుకున్నారని అడిగితే, రెండేళ్ళయింది, అది చచ్చిపోయిందని మా వదినగారు చెప్పారంటోంది. మీరు చెప్పారంటే ఏదో చూసే చెప్పి ఉంటారని లోపలికి రానివ్వలేదు. ఆవిడా రానంటోంది. వదినగారు చెబితేనే వస్తుందట."

ఫోనులో, ఆ పిల్ల మాటల వెనక, బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. సన్నగా, ఆగి ఆగి. అందరి పిల్లల ఏడుపూ విని విని కాయలు కాసిన చెవులు అవి. ఈ ఏడుపు మాత్రం నేరుగా లోపలికి దిగింది. వాడు ఏడవకూడదు. ఏడవకుండా వాణ్ణి ఉంచగలిగిన మనిషి భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ తలుపవతల నిలబడి ఉంది, తన అబద్ధాన్ని నమ్మి.

"స్టాక్ ఇప్పుడే వచ్చింది, వేసేయమను" అనొచ్చు. "పరవాలేదులే, రానివ్వు" అని పొడిగా ఒక్క ముక్క చెప్పి తప్పించుకోవచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. అప్పుడు కూడా వచ్చాయి చూడండి, అదీ మనిషి బుద్ధి. కానీ పొడిమాటకు బస్సమ్మ కదలదని ఆమెకు తెలుసు. మనవడి మంచికని ఐదు వారాల్లో మూడు వారాలు గడప అవతలే ఉండిపోయిన మనిషి, ఎందుకో తెలియకుండా అంగుళం జరగదు.

"స్పీకరు పెట్టు. ఆవిడకి వినపడేలా పెట్టు" అంది సూదమ్మ.

పెట్టింది.

"వదినగారూ. మీ టీకా పోలేదు. రెండేళ్ళకి కాస్త తగ్గుతుంది, అంతే. నేను అబద్ధం చెప్పాను. స్టాక్ లేదన్నది కూడా అబద్ధమే, ఫ్రిజ్‌లో ఆరు సీసాలున్నాయి. పోయింది నాది. పదకొండేళ్ళయింది, నేను చూసుకోలేదు. వాడికి అంటించింది నేను."

కోడలు కూడా అక్కడే ఉంది, విన్నది. ఇవతల డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడి ఉంది, ఆమే విన్నది.

"ఎందుకు వదినగారూ?" అంది బొంగురు గొంతు. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక.

"మీ చేతుల్లో పడుకుంటాడు కాబట్టి. చూడలేకపోయాను."

ఆ మాట అన్నాక ఇంక దాచుకోవడానికేమీ లేకపోయింది. "మనవాళ్ళలో ఈ జబ్బు గాలి సోకని మనిషి మీరొక్కరే. నేను రానివ్వలేదు కాబట్టే మిగిలారు. మాస్కు పెట్టుకుని లోపలికెళ్ళండి. నిలువుగా ఎత్తుకోండి, కుదపొద్దు. బండి పోనివ్వండి."

వాళ్ళు ఫోను పెట్టేయడం మరిచిపోయారు. తలుపు చప్పుడయింది. ఏడుపు దగ్గరైంది. అప్పుడు దూరంగా, మొదట వినీ వినిపించకుండా, డుర్ర్‌మని ఇంజను స్టార్టయింది. గేరు మారింది. ఇంకో గేరు మారింది. ఏడుపు ఆగింది. ఆగింది ఏడుపా ఊపిరా తెలియక సూదమ్మ బల్ల అంచు పట్టుకుని బిగుసుకుపోయింది.

"తగ్గాడక్కా, నిద్రలోకి జారుకున్నాడు. ఊపిరి బాగానే ఉంది" అంది వార్డు నర్సు, అప్పుడు ఫోను గుర్తొచ్చి.

సూదమ్మ ఏడ్చింది. బతికాడని సంతోషంతోనే ఏడ్చింది. అందులో కొంత, ఆవిడ దగ్గర ఆగాడే, నా దగ్గర ఆగలేదే అని కూడా ఉంది. అబద్ధాలన్నీ ఆ పూటతో అయిపోయాయి కాబట్టి అదీ దాచుకోలేదు.

"ఫ్రిజ్ తాళంచెవి ఇక్కడ పెట్టి వెళ్ళండి సిస్టర్" అంది డాక్టరమ్మ.

ఐదు రోజులు సూదమ్మ పక్కగదిలో ఒక్కతే పడి ఉంది. కొడుకు గుమ్మంలో భోజనం పెట్టి, "వాడు బాగానే ఉన్నాడు" అని చెప్పి పోయేవాడు. మొహం చూసేవాడు కాదు. తలుపు మీద కాగితాన్ని ఎవరో చింపేశారు. జిగురు మరక మాత్రం మిగిలింది. ఆరో రోజు మందు పూర్తయ్యాక, డాక్టరమ్మను అడిగి, మాస్కు పెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. వార్డుకు పెద్ద గాజు గోడ. అవతల కుర్చీలో బస్సమ్మ, గుండెల మీద వాడు. ముక్కులో గొట్టం తీసేశారు. కోడలు పక్క మంచం మీద ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది.

బస్సమ్మ తల ఎత్తి చూసింది. గాజుకు ఇటువైపు నిలబడటం ఎలా ఉంటుందో ఆవిడకు చెప్పక్కర్లేదు. ఆ గాజుకు కూడా కర్టెన్ ఉంది, చేతికి అందేంత దూరంలోనే ఉంది. సూదమ్మ చూపు దాని మీదికే పోయింది. లాగితే లాగనీ అనుకుంది, తనైతే లాగేది. ఆవిడ కర్టెన్ వైపు చూడను కూడా చూడలేదు. లేచి, తలుపు ఓరగా తీసింది.

"మందు అయిపోయిందా వదినగారూ? డాక్టరమ్మ సరేనందా? అయితే రండి. ఇదిగో, ఎత్తుకోండి."

చేతులు వాటంతటవే ముందుకు పోయాయి. ఇరవై ఆరేళ్ళ ఆశ ఆ చేతుల్లో ఉంది. వాడి తల వెనక వెంట్రుకలు చెమటకు అంటుకుని ఉన్నాయి. దగ్గరికి వచ్చేసరికి వాడి పెదవి కొంచెం వంకరపోయింది, నిద్రలోనే.

సూదమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దు. నా దగ్గర ఏడుస్తాడు. వాడు ఇంకా కొన్నాళ్ళు ఏడవకూడదు."

బస్సమ్మ బిడ్డను మళ్ళీ గుండెలకు ఆనించుకుంది. "ఆ బండి మోత మీకు నేర్పిస్తాను. పెద్ద విద్యేం కాదు."

"వంటింట్లో ప్రయత్నించాను. గయ్యిమన్నాడు."

బస్సమ్మకు నవ్వు ఆగలేదు. బిడ్డ కదలకుండా లోలోపలే నవ్వింది. "ఏ గేరులో మొదలెట్టారు?"

"ఏమో. గట్టిగానే పెట్టాను."

"అదే మరి. టాప్ గేరులో బండి లేస్తుందా? మొదటిది సన్నగా ఉండాలి. వాడికే వినపడాలి, మీక్కూడా వినపడకూడదు."

ఆవిడ లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది. తలుపు పడింది. సూదమ్మ గాజుకు దగ్గరగా జరిగి, మాస్కు లోపల, తనకే వినపడనంత సన్నగా, మొదటి గేరు వేసింది. అవతల వాడు అప్పటికే వేరే బండిలో నిద్రపోయి ఉన్నాడు.